అవ్వ పాటకు ఎన్ని ప్లగిన్లు కావాలి?

పోయిన వారం మన తెలుగు శాఖ కంప్యూటర్ దగ్గర చిన్న గొడవ జరిగింది. అక్కడ ఉన్నవాళ్లకు తెలుసు. లేనివాళ్ల కోసం చెప్తున్నా.

ఊర్లలో పెద్దవాళ్లు పాడే పాటలు ఫోన్లో పట్టుకొచ్చి, కాలేజీ డే నాటికి ఒక వీడియో చేద్దామని అనుకున్నాం కదా. బాగేపల్లి వైపు నుంచి వచ్చే వాళ్లు నాట్ల పాటలు తెచ్చారు. చిక్కబళ్ళాపురం టౌన్ వాళ్లు పెళ్లి పాటలు తెచ్చారు. కైవారం దగ్గరి ఊరామె ఒకరు తాతయ్య తత్వాలు పాడే భజన తెచ్చారు. ఎడిటింగ్ మొదలు పెట్టకముందే ఒక పెన్‌డ్రైవ్ వచ్చింది. "దీంట్లో అన్ని ప్లగిన్లూ ఉండాయి, క్రాక్ చేసినవి, దుడ్డు కట్టే పనే లేదు" అన్నారు. అందరి మొహాలూ వెలిగిపోయాయి. నేనొక్కదాన్నే వద్దన్నాను. "నీకేమే అంత బాధ?" అని అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్లగిన్ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. మన ఊర్లలో ట్రాక్టర్ ఒకటే ఉంటుంది. దాని వెనక తగిలించేవి వేరు వేరు. దుక్కికి నాగలి, మట్టి మెత్తగా చేయడానికి రోటవేటర్, తోలకానికి ట్రాలీ. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ట్రాక్టర్ లాంటిది. ప్లగిన్ దాని వెనక తగిలించేది. ఒకటి శబ్దం శుభ్రం చేస్తుంది, ఒకటి రంగులు మారుస్తుంది, ఒకటి టైటిళ్లు ఎగరేస్తుంది. అన్నీ అన్నిటికీ తగులుకోవు. డావిన్చి రిజాల్వ్ లాంటివి ఓపెన్‌ఎఫ్ఎక్స్ అనే పద్ధతిలో చేసిన ప్లగిన్లను తీసుకుంటాయి. అడోబీ ప్రీమియర్‌కు వేరే రకం కావాలి. శబ్దానికి వాడేవాటిలో ఎక్కువ భాగం వీఎస్‌టీ అనే పద్ధతివి. దాన్ని స్టైన్‌బర్గ్ కంపెనీ 1996లో తెచ్చింది. కొనే ముందు, ఎక్కించే ముందు, ఇది మన బండికి తగులుకుంటుందా అని చూడటం మొదటి పని. ఇది అందరూ చెప్పేదే. నేను చెప్పాలనుకున్నది దీని తర్వాత మొదలవుతుంది.

రెండేళ్ల కిందట, పీయూసీ సెలవుల్లో, మా అవ్వ ఇసుర్రాయి దగ్గర పాడే పాట ఫోన్లో రికార్డ్ చేశాను. చింతామణి దగ్గర మా ఊరు. మిల్లు వచ్చినాక ఇంట్లో ఇసుర్రాయిని ఎవరూ వాడటం లేదు, వాకిట్లో ఒక మూలన పడి ఉండేది. నా కోసం అవ్వ దాన్ని కడిగించి, గుప్పెడు రాగులు పోసి, తిప్పుతా పాడింది. ఏడు నిమిషాల పాట. వెనక ఫ్యాన్ సద్దు ఉంది, మేక అరుపు ఉంది, పక్కింటి మోటర్ ఉంది. "సద్దు ఎక్కువుండాది, శుభ్రం చేయించు" అని మామ అంటే ఒక వీడియో షాపుకు తీసుకుపోయాను. ఆయన ఒక ప్లగిన్ వేసి, ఒక గీతను చివరికంటా జరిపి, పది నిమిషాల్లో ఇచ్చేశాడు. మనిషి మంచోడే, దుడ్డు కూడా తీసుకోలేదు. ఇంటికొచ్చి విన్నాం. ఫ్యాన్ లేదు, మోటర్ లేదు. బాగుందని అందరూ అన్నారు. ఫోన్లో జాగా లేదని ఆ రాత్రే అసలుది నేనే చెరిపేశాను.

కొన్నాళ్లకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నప్పుడు గాని తెలియలేదు. ఫ్యాన్‌తో పాటు ఇసుర్రాయి కూడా పోయింది. రాయి తిరిగే గరగర లేదు. గాజుల చప్పుడు అక్కడక్కడా ముక్కలుగా వినిపిస్తుంది. అవ్వ గొంతు బావిలో నుంచి వచ్చినట్టుంది. ఇసుర్రాయి పాటలో ఇసుర్రాయే లేదు. ఇంకోసారి పాడించుకుందాంలే అనుకున్నాను. పోయిన కార్తీకంలో అవ్వ పోయింది.

ఆ షాపాయన తప్పని నేను అనను. చెరిపింది నేను. ప్లగిన్ తప్పని కూడా అనను. దానికి చెప్పిన పని అది చేసింది. శబ్దం తగ్గించే ప్లగిన్ ఎట్ల పని చేస్తుందో తర్వాత తెలుసుకున్నాను. ఏ సద్దు ఆగకుండా ఒకేలా వస్తుందో అది అక్కర్లేనిది అని లెక్క వేసుకుంటుంది. ఫ్యాన్ ఒకేలా తిరుగుతుంది, ఇసుర్రాయి కూడా ఒకేలా తిరుగుతుంది. ఏది పాటలో భాగం, ఏది కాదు అనేది మిషన్‌కు తెలియదు. మనకు తెలుసు. మనం చెప్పలేదు, అంతే.

తెలుగు శాఖ వాళ్లం కాబట్టి ఇంకొక సంగతి కూడా మనకు అర్థమవుతుంది. వ్యాకరణం క్లాసులో శ, ష, స, హ ఊష్మాలు అని చదువుకున్నాం. నోట్లో గాలి రాపిడి వల్ల పుట్టే ధ్వనులు అవి. ముఖ్యంగా 'స', 'శ' పలికినప్పుడు వచ్చే ఆ సన్నటి ధ్వనికీ ఫ్యాన్ గాలి సద్దుకీ పోలిక ఉంది.  ప్లగిన్‌ను గట్టిగా తిప్పితే గాలి సద్దుతో పాటు అక్షరాలు కూడా అరిగిపోతాయి. అవ్వ పాటలో 'సీత' ఉన్నచోట ఇప్పుడు 'ఈత' లాగా వినిపిస్తుంది. ఇంకొకరు దాన్ని విని రాసుకుంటే పాటే మారిపోతుంది.

అట్లయితే శబ్దం శుభ్రం చేయనే కూడదా? చేయొచ్చు. దానికి పెన్‌డ్రైవ్ నిండా ప్లగిన్లు అక్కర్లేదు. 2000లో విడుదలై ఇప్పటికీ ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు. మనిషి పాడకముందు ఐదారు సెకన్లు ఊరికే రికార్డ్ చేయాలి. ఫ్యాన్ సద్దు మాత్రమే ఉన్న ఆ ముక్కను ముందు ఆడాసిటీకి చూపించి, "ఇది మాత్రం తగ్గించు" అని చెప్పొచ్చు. 6 నుంచి 12 డెసిబెల్స్ లోపల తగ్గిస్తే గొంతు చెడదు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి మోటర్, ట్యూబులైటు గుయ్యిమనే సద్దు 50, 100, 150 దగ్గర కూర్చుంటుంది. అక్కడక్కడే సన్నగా కోస్తే పోతుంది. వీటన్నిటికన్నా మేలైన ప్లగిన్ ఇంకోటి ఉంది. రికార్డ్ చేసే ముందు లేచి ఫ్యాన్ ఆపడం. ఆ రోజు నేను ఆపలేదు.

ఇంక అక్షరాల సంగతి. టైటిళ్ల ప్లగిన్ కావాలని మనవాళ్లు ఎక్కువగా అడగడానికి కారణం, ప్రీమియర్‌లో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు ఊడిపోయి పక్కన పడటం. 'చిక్కబళ్ళాపురం' అని రాస్తే క పక్కన ఇంకో క వచ్చి నిలబడుతుంది. 'స్త్రీ' రాస్తే స, త, ర మూడూ మూడు దారులు పడతాయి. దీనికి చాలామంది అను ఫాంట్లు వాడతారు, లేకపోతే ఏదో ప్లగిన్ కొంటారు. నిజానికి చాలాసార్లు ఏదీ కొనక్కర్లేదు. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ అనే చోట అక్షరాల ఇంజన్ రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి యూరప్, తూర్పు ఆసియా భాషలకు, ఇంకొకటి దక్షిణాసియా, మధ్యప్రాచ్య భాషలకు. రెండోది ఎంచుకుని, టైటిల్ మళ్లీ కొత్తగా టైప్ చేస్తే ఒత్తులు తమ చోటికి వస్తాయి. యూనికోడ్‌లో 'స్త్రీ' అంటే ఒక అక్షరం కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు ముక్కలు. వాటిని కలిపి చూపించడం వచ్చిన సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చినట్టు. రానిదానికి ఎంత ఖరీదైన ప్లగిన్ తగిలించినా రాదు.

కాబట్టి ఏ టైటిల్ ప్లగిన్ అయినా ట్రయల్‌లో పెట్టి నాలుగు మాటలు టైప్ చేసి చూడాలి. స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, చిక్కబళ్ళాపురం. నాలుగూ సరిగ్గా వస్తే తర్వాతి మాట. రాకపోతే ఆ ప్లగిన్‌లో అక్షరాలు నిప్పులు కక్కినా మనకొద్దు. ఫాంట్లకు కూడా దుడ్డు పెట్టక్కర్లేదు. రామభద్ర, మండలి, ధూర్జటి, సూరన్న, గురజాడ, గిడుగు అనే తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మన సిలబస్ అంతా అక్కడే కనిపిస్తుంది.

గిడుగు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. జనం మాట్లాడే భాషకు పుస్తకంలో చోటు ఉండాలని ఆయన పోరాడాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఈ కాలంలో మాటలు విని తనంతట తనే అక్షరాలుగా రాసిపెట్టే ప్లగిన్లు వచ్చాయి. బాగేపల్లి నుంచి వచ్చిన నాట్ల పాటను ఒకదానికి వినిపించి చూశాం. పాడిన ఆమె 'ఉండాది' అంటే అది 'ఉంది' అని రాసింది. 'యాడికి' అంటే 'ఎక్కడికి' అని రాసింది. మధ్యలో కన్నడ మాట వస్తే దగ్గరలో ఉన్న ఏదో తెలుగు మాట పెట్టేసింది. మన అవ్వల భాషను దిద్దే పని దానికి ఎవరిచ్చారు? టైము మిగులుతుంది కాబట్టి మొదటి చిత్తు దానితో రాయించుకోవచ్చు. ఆ తర్వాత ఒక్కో లైనూ విని మనమే సరిచేయాలి. అట్ల చేయలేకపోతే వాడకపోవడం మేలు.

సబ్‌టైటిళ్లకు కూడా మెరిసే ప్లగిన్ వద్దని నా అభిప్రాయం. ఎస్ఆర్‌టి అనే మామూలు టెక్స్ట్ ఫైల్ చాలు. వరస నంబరు, టైము, మాట, అంతే ఉంటుంది దాంట్లో. ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది, నోట్‌ప్యాడ్‌లో కూడా దిద్దుకోవచ్చు. మనకు ఇంకో లాభం ఉంది. మన ఇండ్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు, కానీ చదివేది కన్నడ అక్షరాలు. మా తమ్ముడికి తెలుగు అక్షరాలు రావు. వాడికి అవ్వ పాట అర్థమవుతుంది, తెరమీద మాట చదవలేడు. అక్షరముఖ అనే ఉచిత పనిముట్టులో ఆ ఎస్ఆర్‌టి ఫైల్లోని మాటలు వేస్తే తెలుగు మాటే కన్నడ లిపిలోకి మారుతుంది. ఒకసారి చూసి దిద్దుకుంటే రెండు లిపుల్లోనూ చూపించొచ్చు. చిక్కబళ్ళాపురం జిల్లాలో చూపించే తెలుగు వీడియోకు ఇంతకన్నా పనికొచ్చే హంగు నాకు తోచలేదు.

"ఎఫెక్ట్స్ లేకపోతే ఎవరు చూస్తారే?" అని ఆ రోజు అడిగిన మాట న్యాయమైనదే. మన ఊరి కల్యాణ మంటపాల్లో తీసే పెళ్లి వీడియోలు చూస్తూ పెరిగాం. పూలవాన కురుస్తుంది, గుండె ఆకారంలో పెళ్లికూతురి మొహం వస్తుంది, నంది కొండ మీద మబ్బుల్లో పెళ్లికొడుకు నడుస్తాడు. నేను వాటిని ఎగతాళి చేయను. పెళ్లికి ముగ్గూ తోరణమూ ఎట్లనో అవీ అట్లనే. అక్కడ అందరికీ తెలుసు అది అలంకారమని. 1957లో కె.వి. రెడ్డి గారి మాయాబజార్‌లో ఘటోత్కచుడి ముందు లడ్లు వాటంతట అవే లేచి నోట్లోకి పోతాయి. మార్కస్ బార్ట్లీ కెమెరా పట్టాడు. కంప్యూటర్ లేదు, ప్లగిన్ లేదు. ఈ రోజుకీ పిల్లలు కూడా నవ్వుతారు. ఆ మాయ కథకు కావాల్సిన మాయ. ఘటోత్కచుడు మాయలోడు కాబట్టి లడ్లు ఎగిరాయి. నాట్లు వేసే అవ్వ వెనక మెరుపులు ఎందుకు రావాలి? ఆమె చేతులు చూడాల్సిన చోట మనం మెరుపులు చూస్తాం. అంతే జరిగేది.

ఇప్పుడు ఆ పెన్‌డ్రైవ్ మాట. సఫైర్, మ్యాజిక్ బుల్లెట్ లాంటి పేరున్న ప్లగిన్లు మంచివే. సినిమావాళ్లు వాడతారు. వాటిలో కొన్నిటి ఏడాది చందా మన డిగ్రీ ఫీజు కంటే ఎక్కువ. అందుకే క్రాక్. కానీ ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాగితం మీరు చదివారా? "ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని మొదటి లైన్లోనే ఉంది. తలుపుకు గొళ్లెం తీసి పడుకో, నేనొచ్చి ఇల్లు ఊడ్చి పోతా అని తెలియనివాడు చెప్తే వింటామా? ఆ కంప్యూటర్లో మన వీడియో ఒకటే లేదు. సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టులు ఉన్నాయి, మేడమ్ వాళ్ల నోట్స్ ఉన్నాయి.

దొంగది కాకుండా కొన్నదే అయినా ఇంకో చిక్కు ఉంది. ప్లగిన్ వేసి చేసిన ప్రాజెక్టును ఆ ప్లగిన్ లేని కంప్యూటర్లో తెరిస్తే ఆ ఎఫెక్ట్ పని చేయదు. లేదని మాత్రం చెప్తుంది. ట్రయల్ గడువు అయిపోయినా అంతే, తెరమీద అడ్డంగా పేరు కూడా పడొచ్చు. మనం మూడేళ్లు ఉండి పోతాం. మన తర్వాత వచ్చే చెల్లెళ్లు దీన్ని తెరిచి ఇంకో పాట చేర్చుకోవాలంటే? ఎంత ఎక్కువ తగిలిస్తే అంత తొందరగా మూతపడుతుంది.

మన కోర్సులో బ్రౌన్ దొర గురించి చదివాం. వేమన పద్యాలు సేకరించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. ఆయన ఊరూరా తాళపత్రాలు సేకరించి, పండితుల చేత పాఠాలు సరిచూపించాడు. ఏ ప్రతి సరైందో తేల్చాలంటే పాత ప్రతులు చేతిలో ఉండాలి. ఒక్కదాన్ని సరిదిద్దేసి మిగిలినవి పొయ్యిలో పెడితే, ఆ దిద్దుబాటు తప్పని తెలిసిన రోజు చేసేదేమీ ఉండదు. నేను చేసింది అదే. మూలం పొయ్యిలో పెట్టాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఒక ప్లగిన్ దిద్దిన ప్రతి.

కాబట్టి మన శాఖకు నా సూచనలు ఇవి. మేడమ్ వాళ్లు కూడా చదువుతారు కాబట్టి సూటిగా రాస్తున్నాను.

ఒకటి. ఫోన్లో రికార్డ్ చేసింది ఎట్లుందో అట్లే రెండు చోట్ల దాచాలి. ఒకటి శాఖ హార్డ్‌డిస్క్‌లో, ఇంకోటి వేరే చోట. దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఎడిటింగ్ అంతా నకలు మీదే.

రెండు. సాఫ్ట్‌వేర్‌కు కెడెన్‌లైవ్ వాడదాం. ఉచితం, విండోస్‌లో నడుస్తుంది, కావాల్సిన ఎఫెక్ట్స్ దాంతోనే వస్తాయి. పై నాలుగు మాటలు నేను టైప్ చేసి చూశాను, సరిగ్గా వచ్చాయి. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఇంకా గొప్పదే కానీ మన కంప్యూటర్ 8 జీబీ ర్యామ్‌తో దాన్ని లాగలేదు. పైగా దాని డబ్బు కట్టే వెర్షన్‌కు మాత్రమే ఉన్న ఎఫెక్ట్స్ వాడితే తెరమీద ముద్ర పడుతుంది.

మూడు. కొత్త ప్లగిన్ ఏది ఎక్కించాలన్నా ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ పని ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే కాదా? ఇది తీసేస్తే మన ప్రాజెక్టు తెరుచుకుంటుందా? దీన్ని తయారు చేసినవాళ్ల దగ్గర నుంచే తెచ్చుకుంటున్నామా? మూడిటికీ జవాబు సరిగ్గా ఉంటేనే.

నాలుగు. శబ్దం శుభ్రం చేసే ముందు, పాడినవాళ్ల ఇంటి మనిషి ఎవరైనా పక్కన కూర్చుని వినాలి. ఏ సద్దు ఉండాలో, ఏది పోవాలో చెప్పాల్సింది ఆ ఇంటివాళ్లు. నా పక్కన ఆ రోజు మా అమ్మ కూర్చుని ఉంటే, "రాయి సద్దు ఏమాయెనే?" అని అప్పుడే అడిగేది.

అయిదు. పూలవానలూ మెరుపులూ వేయాలని ఉంటే కాలేజీ డే డాన్సుల వీడియోకు వేద్దాం. దానికి నేనే కూర్చుని చేసి పెడతా. నిజంగా.

ఆ రోజు నన్ను అడిగారు కదా, నీకేమే అంత బాధ అని. బాధ ఇది. పెన్‌డ్రైవ్ తెచ్చినామె మీద నాకు కోపం లేదు. ఆమె తెచ్చిన పెళ్లి పాటలు నేను మూడుసార్లు విన్నాను. వెనక ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు, ఎవరో వాణ్ని ఊరుకోబెడుతున్నారు, పాట మాత్రం ఆగలేదు. ఆ ఏడుపు తీసేయొద్దని ఆమెను అడుగుతున్నాను.

ఇంకొక్కటి. మన క్లాసులో ఇంకా ముగ్గురి అవ్వలు పాడతారని లెక్క తేలింది. ఒకరిది గుడిబండ వైపు, ఇద్దరిది బాగేపల్లి. ఈ ఆదివారం బస్సుకు నేను వస్తా. ఎవరెవరు వస్తారో ఈ కాగితం కింద పేర్లు రాయండి. ఫోన్లో జాగా చేసుకుని రండి. పోయినాక ముందు ఫ్యాన్ ఆపుదాం.

— బి.ఏ. నాలుగో సెమిస్టర్ విద్యార్థిని, చింతామణి తాలూకా